ప్రొద్దుటూరు టైపాయన

ముందే చెప్పేస్తాను, ఆయన పోయాడని తెలిసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. పోయిన సోమవారం ప్రొద్దుటూరులో బస్సు దిగి, సంచిలో కొత్తగా రాసిన నాలుగు కాగితాలతో ఆ సందులోకి వెళ్ళాను. అంగడి షట్టరు దించి ఉంది. దానికి అడ్డంగా ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ, బొమ్మ చుట్టూ పూలదండ. చూస్తూ కాసేపు నిలబడ్డాను. నా మనసులోకి మొదట వచ్చిన మాట ‘అయ్యో పాపం’ కాదు. ‘నా కాగితాలు ఎవరి చేతిలో పడ్డాయో’ అని.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ నా మనవలు మీరిద్దరూ, ఒకరు పుణె నుంచి, ఒకరు బెంగళూరు నుంచి, “జేజీ, ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేస్తుంది, ప్రొద్దుటూరు దాకా బస్సులో ఎందుకు?” అని అడుగుతూనే ఉంటారు కదా. ఎందుకు పోయేదాన్నో ఇప్పుడు చెబుతాను. ఆయన పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు వెతుకుతారు. ఆయన కూడా మా పేర్లు ఎవరివీ ఎప్పుడూ పలకలేదు.

బంగారు అంగళ్ళ వెనక సందులో, ఇద్దరు కూర్చుంటే మోకాళ్ళు తగిలేంత అంగడి ఆయనది. జిరాక్సు, లామినేషను, పెళ్ళికార్డులు, పరీక్ష పేపర్లు, చనిపోయినవాళ్ళ ఫ్లెక్సీలు అన్నీ చేసేవాడు. మీ జేజినాయన ఉన్నప్పటి నుంచి మన ఇంటికి నెలనెలా వచ్చే సాహిత్య పత్రిక ఉంది కదా, వాళ్ళు చేతిరాత తీసుకోవడం మానేశాక, కథలు రాసే పెద్దవాళ్ళమంతా ఆయన మీద పడ్డాం. ఆయనే టైపు చేసి, ఆయనే పత్రికకు మెయిలు పంపేవాడు. పులివెందులలో టైపు చేసేవాళ్ళు లేక కాదు. ఇక్కడ ఇస్తే సాయంత్రానికి బస్టాండు దాకా చదివేస్తారని నా భయం.

ఆయన గోడకు ఆనుకొని కూర్చునేవాడు. కంప్యూటరు వీపు మన వైపు. మన కాగితమే టైపు చేస్తున్నాడో, పేకాట ఆడుతున్నాడో మనకు తెలిసేది కాదు. మనమిచ్చిన కాగితాన్ని అట్టకు క్లిప్పు పెట్టి, దాని మీద తువ్వాలు కప్పి, ఒక్కో వరుసా టైపయ్యేకొద్దీ తువ్వాలును కిందికి జరుపుకునేవాడు. ఎవరైనా మెట్టెక్కిన చప్పుడయితే తువ్వాలు మళ్ళీ పైకి వెళ్ళేది. బొరుగులు తెప్పించుకుంటే స్పూనుతో తినేవాడు. ఒకసారి నవ్వాను. “నూనె చెయ్యి తగిలితే ఒకరి కతకు ఇంకొకరి మరక అంటుకుంటాదమ్మా” అన్నాడు. నవ్వుతూ అనలేదు.

కాగితాలు తీసుకునేటప్పుడు మన ఎదురుగా పేజీలు ఎంచేవాడు. తిరిగి అడిగితే మన చేత ఎంచించి ఇచ్చేవాడు. ఆయన మమ్మల్ని నమ్మడం లేదని నాకనిపించేది. అట్లా నమ్మని మనిషిని నేనెందుకు నమ్మాలి అని కూడా అనిపించేది.

మైదుకూరు నుంచి ఒక రిటైరైన సారు వచ్చేవాడు. ఇతరులు ఏం రాస్తున్నారో తెలుసుకోకపోతే ఆయనకు అన్నం సయించదు. నేను బెంచీ మీద ఉండగానే అడిగాడు ఒకసారి.

“ఏంప్పా, ఈ పులివెందులామె ఈసారి ఏం రాసింది?”

“అచ్చరాలు రాసింది సార్.”

“అది నాకు తెలుసులే. కతా, ఇంగోటా?”

“మీది నిన్న మధ్యాన్నం వచ్చి ఇంగొకాయప్ప అడిగినాడు. ఆయప్పకు చెప్పమంటారా?”

సారు ఆ రోజు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇంకొకటుంది ఆయన దగ్గర. పత్రికలో కథలకు వేరే చోటు, ‘అనుభవాలు’ అని సొంత సంగతులకు వేరే చోటు. ఏది ఎందులోకో మెయిలులో రాయాలి కాబట్టి, కాగితం చేతిలోకి తీసుకోగానే అడిగేవాడు, “జరిగిందా, కల్పించిందా?” అని. జరిగిందంటే మూలన ఎర్ర ఇంకుతో ‘జ’, కల్పించిందంటే ‘క’. రెండు రేకు ట్రేలు ఉండేవి, దేనికది. పోలీసు స్టేషనులో వేలిముద్ర వేస్తున్నట్టుండేది నాకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం.

అంతకుముందు నేను ఇచ్చినవన్నీ ‘జ’లే. చీనీ చెట్లు ఎండిపోయిన ఏడు, మోటారు బావిలో పడిన రోజు, అట్లాంటివి. అచ్చయినప్పుడల్లా మీ జమ్మలమడుగు జేజి నుంచే మొదటి ఫోను వచ్చేది. నా చెల్లెలే కదా, ఆమెకు కూడా పత్రిక చందా నేనే కట్టాను మరి. “అక్కా, మోటారు కత బాగుండాది. దాన్ని ఎత్తింది మా ఆయన గదా, ఆయప్ప పేరు యాడా కనపడలేదే” అనేది. పత్రిక చదివి చదివి, నువ్వూ ఏదైనా రాయవే అంటే, పిండిమిషను దగ్గర కూర్చునేదానికి రాతలేంది అనేది. అయినా ప్రొద్దుటూరులో ఇట్లా ఒకాయన టైపు చేస్తాడని అంగడి గుర్తులన్నీ చెప్పాను.

నాలుగేళ్ళ కిందట ఒక కథ రాశాను. రాయడానికి ఏడాది పట్టింది. అందులో అక్కాచెల్లెళ్ళిద్దరు. లింగాల వైపు ఒక పల్లె. చెల్లెలు పది పాసై టీచరు ట్రైనింగుకు అర్జీ పెట్టుకుంటుంది. ఇంటర్వ్యూ కార్డు వస్తుంది. చెల్లెలు చేనులో ఉంటుంది. పెళ్ళయి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అక్క పోస్టుమాన్ చేతి నుంచి కార్డు తీసుకొని, చదివి, నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టేస్తుంది. తల్లి మంచం పట్టి ఉందని, చెల్లెలు వెళ్ళిపోతే తల్లికి దిక్కెవరని అట్లా చేస్తుంది. చెల్లెలు రెండు నెలలు పోస్టుమాన్ కోసం ఎదురు చూసి, ఆ తర్వాత చూడడం మానేస్తుంది.

ఆ అక్కను నేనే. మీకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికీ తెలియదనుకున్నాను. పేర్లు మార్చాను, ఊరి పేరు తీసేశాను, కథ అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు, నా గుండె మీది బరువు కూడా దిగుతుంది అనుకున్నాను. మీ జమ్మలమడుగు జేజి చదివినా, కథ కాబట్టి అక్క ఊహించి రాసిందనే అనుకోవాలి, నిజమని మాత్రం తెలియకూడదు. రోజూ సాయంత్రం నాకు ఫోను చేసే మనిషి ఆమె ఒక్కతే. ఆ ఫోను ఆగిపోతే నాకు సాయంత్రాలు ఉండవు.

తీసుకెళ్ళి ఆయనకిచ్చాను. పేజీలు ఎంచాడు. మొదటి పేజీ చదివాడు. రెండోది కూడా చదివాడు. ఎప్పుడూ నా ముందు చదవడు.

“జరిగిందా, కల్పించిందా?”

“కల్పించిందేప్పా.”

కళ్ళద్దాల పై నుంచి చూశాడు. ఎర్ర పెన్ను మూత తీసి పట్టుకొని రాయకుండా ఉన్నాడు.

“కార్డు ముడుచుకుంటా కాలింది, స్టాంపు ఉండే మూల ఆకర్న కాలింది అని రాసినారే. అంత బాగా ఎట్ల కల్పించినారమ్మా?”

“వయసయినాక అన్నీ అట్లే కనపడతాయి లేప్పా. ‘క’ రాయి నువ్వు.”

“శానా కతలు టైపు చేసినా నేను. కత అని ఇచ్చేటివే ఎక్కువ జరిగింటాయి.”

“నీకెందుకు? రాయి.”

రాశాడు. నేను చూస్తుండగానే ‘క’ రాసి ఆ ట్రేలోనే పెట్టాడు. కానీ బస్సులో పులివెందుల దాకా నాకు మనసు మనసులో లేదు. జమ్మలమడుగు మనుషులు ఎందరో ఆ అంగడికి వస్తారు. మా చెల్లెలి పిండిమిషను కరెంటు కాగితాలు కూడా అక్కడే జిరాక్సు చేయిస్తారు. ఆయనకు మా చెల్లెలు తెలిసి ఉంటే?

మూడు నెలలకు పత్రిక వచ్చింది. కథల్లో వెతికాను, లేదు. పక్కన పెట్టబోతూ ఎందుకో తిరగేస్తే ‘అనుభవాలు’లో ఉంది. నా పేరుతో ఉంది. ఒక్క మాట మారలేదు. పేర్లు మార్చి రాసిన కథే, కానీ పైన ‘అనుభవాలు’ అని ఉన్నాక ఆ అక్క ఎవరో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

ఆ సాయంత్రం చెల్లెలి ఫోను రాలేదు. మరుసటి రోజు రాలేదు. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్ళాను. బెంచీ మీద ఎవరో పెళ్ళికార్డు కోసం కూర్చొని ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా మాట్లాడలేదు. మీకు తెలుసు, నేను గొంతు పెంచే మనిషిని కాదు.

“నేను కత అని ఇచ్చినా గదప్పా.”

“ఇచ్చినారు.”

“ట్రే మారిపోయిందా?”

ఆయన అవునంటే సరిపోయేది. అవునంటే నమ్మి, తిట్టి, ఇంటికి వచ్చేదాన్ని. ఆయన తువ్వాలు మడిచి తొడ మీద పెట్టుకున్నాడు.

“మారలేదమ్మా. నేనే మార్చి పంపినా.”

“ఏందీ?”

“ఈ అంగట్లో ఎప్పుడూ చేయని పని. మీ ఒక్కరికే చేసినా. తప్పు నాదే, తిట్టండి.”

“ఎందుకు చేసినావో అది చెప్పు ముందు.”

“అది చెప్పను.”

“మా ఇంటోళ్ళు ఎవరన్నా వచ్చి అడిగినారా? మా చెల్లెలు తెలుసా నీకు?”

“ఒకరి కాగితం సంగతి ఇంకొకరికి చెప్పనమ్మా. మీది ఎవరికీ చెప్పలేదు. అది మాత్రం నమ్మండి.”

“నమ్మాల్నా నేను? ఇంత చేసి?”

ఆయన లేచి నా చేతిరాత కాగితాలు తీసుకొచ్చాడు. “ఎంచుకోండి” అన్నాడు. నేను ఎంచలేదు, తీసుకోలేదు. “నీ కడుపు సల్లగుండ” అని మెట్టు దిగాను. మా అమ్మ దగ్గర ఆ మాట దీవెన. నేను ఆ రోజు దాన్ని తిట్టుగానే వాడాను.

నాలుగో రోజు సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. మిషను బెల్టు తెగిందని, రెండు రోజులు మనుషులు దొరకలేదని చెప్పింది. మోకాళ్ళకు ఏదో నూనె రాస్తున్నానంది. పత్రిక మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చదివిందా? పత్రిక రాలేదా? చదివి ఊరుకుందా? అప్పటి నుంచి ఆమె ఏ మాటన్నా దాని వెనక ఇంకో మాట వెతకడం నా పనయింది. “పాత కాగితాలు శానా పేరుకపోయినాయక్కా, కాల్చేస్తాండా” అందొకసారి. ఏ కాగితాలే అని గబగబా అడిగాను. అవి మిషను రసీదులట.

ఎనిమిది నెలలు ఆయన అంగడికి పోలేదు. పులివెందులలోనే ఒకచోట ఇచ్చి చూశాను. ఆ అంగడాయన నేను రాసింది పైకి చదువుతూ, మధ్యలో పక్కంగడి వాళ్ళను పిలిచి వినిపిస్తూ టైపు చేశాడు. మళ్ళీ ప్రొద్దుటూరే పోయాను. ఆయన ఏమీ అడగలేదు. చెయ్యి చాపాడు, పేజీలు ఎంచాడు. “జరిగిందా, కల్పించిందా?” “జరిగింది.” అంతే. ఆ మూడేళ్ళూ ఆయన నా కాగితాలు టైపు చేస్తూనే ఉన్నాడు, నేను ఆయన్ని అనుమానిస్తూనే ఉన్నాను. మా చెల్లెలి మనిషి అయివుంటాడని, నా రాతలన్నీ ఆమెకు చేరవేస్తున్నాడని. అంత అనుమానం ఉన్నా ఇంకెవరి చేతా టైపు చేయించలేకపోయాను. ఇది మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు.

సోమవారం, ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఉంటే పక్కంగడి వాళ్ళు, ఇల్లు అంగడి పైనే అని చెప్పారు. మెట్లెక్కాను. ఆయన భార్య తలుపు సగం తీసి చూసింది.

“యాడ నుంచి వచ్చినారు?”

“పులివెందుల నుంచమ్మా. ఆయన దగ్గర టైపు...”

“చేతిరాత చూపీండి.”

“ఏందమ్మా?”

“చేతిరాత చూసి, కవరు మీద ఉండేదాంతో సరిపోతేనే ఇయ్యమన్నాడు. ముక్కూ మొగం చూసి ఇయ్యొద్దన్నాడు.”

సంచిలోని నాలుగు కాగితాలు తీసి ఇచ్చాను. ఆమె లోపలికి పోయి, చాలాసేపు ఉండి వచ్చింది. జబ్బు పడిన రెండు నెలల్లో ఆయన అందరి కాగితాలూ ఊరి పేరుతో ఖాకీ కవర్లలో పెట్టి అతికించి, ఒక్కో దాని మీద వాళ్ళ రాతలో ఒక వరుస జిరాక్సు అంటించాడట. ‘పులివెందుల’ అని ఉన్న కవరు నా చేతికిచ్చింది. బరువుగా ఉంది. అప్పుడు పలచటి కవరు ఇంకొకటి ఇచ్చింది.

“ఇది గూడా మీకే ఇయ్యొచ్చంట. రాసి ఉండాది చూడండి.”

ఎర్ర ఇంకుతో ఉంది. ‘జమ్మలమడుగు. ఆమెకు గాని, రాలేకపోతే ఆమె అక్క పులివెందులమ్మకు గాని.’

ఇంటి బస్సు ఎక్కలేదు. జమ్మలమడుగు బస్సు ఎక్కాను. పది నిమిషాలు ఆ కవరును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఇంకొకరి కవరు. ఆయన అయితే తెరిచేవాడు కాదు. నేను తెరిచాను. గోరుతో, చిరగకుండా, అంచు వెంబడి.

రెండే పేజీలు. మా చెల్లెలి గుండ్రటి రాత. నా కథ అచ్చవడానికి ఏడాది ముందటి తేదీ వేసి ఉంది. మూలన ‘జ’. అన్నీ మీకు చెప్పను, ఈ ముక్క చెబుతాను. “నా కార్డు మా అక్క చేతికిచ్చినట్టు పోస్టుమాన్ మరుసటి వారమే చెప్పినాడు. నేను అడగలేదు. అడిగితే అక్క అబద్ధం చెబుతుందని భయం. ఎప్పుడో ఒక రోజు తనంతట తనే చెబుతుందని చూస్తా ఉన్నాను.” కింద ఆయన రాత. ‘పంపొద్దన్నారు. పంపలేదు.’

చెల్లెలు అంత కాలం చూస్తా ఉంది అని ఆయన ఒక్కడికే తెలుసు. చెప్పడానికి నోరు లేదు, అది ఇంకొకరి కాగితం. ఏడాది తిరిగేసరికి నేను వెళ్ళి అదే సంగతి ‘కల్పించిందే’ అని ఆయన చేతిలో పెట్టాను.

నేను వెళ్ళేసరికి చెల్లెలు మిషను ఆపి, జల్లెడలు దులుపుతోంది. కనుబొమల దాకా పిండి. ఆయన పోయిన మాట చెప్పి కవరు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎంగిలితో అతికించినావా? తడిగా ఉండాది.”

నేను సంచి మూతి బిగించాను.

“చదివితే చదివినావులే. నేను నీది నాలుగేండ్ల కిందటే చదివినా.”

“మరి ఆ మూడు రోజులు ఫోను చేయలేదేమే?”

“నువ్వు చేస్తావని చూసినా. ఊరందరికీ పత్రికలో చెప్పినావు, నాకు ఫోన్లో చెప్పలేకపోయినావు.” జల్లెడ గోడకు ఆనించింది. “ఆయప్పను అడిగినా, మా అక్క ఇంగా ఏమేం రాస్తాందో చూపీప్పా అని. ఆమెది మీకు చూపిస్తే మీది ఆమెకు గూడా చూపీయాల్సొస్తాదమ్మా అన్నాడు. ఇంగ నోరు మూసుకొని వచ్చినా.”

నేను కూడా నీ సంగతి అడిగానని, నాకూ చెప్పలేదని చెప్పాను.

తర్వాత ఆమె లోపలికి పోయి ఆ నెల పత్రిక తెచ్చింది. అట్ట మీద కూడా పిండి. నా పేజీ తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టింది. తల్లి మంచం పట్టి ఉంది, అనే వరుస. దాని కింద గీత గీసి ఉంది.

“ఇదేందక్కా? అమ్మ ఆ పొద్దు నాతో పాటు శనక్కాయలు పీకింది. మాపటికి రెండు బిందెలు నీళ్ళు మోసింది.”

“మర్చిపోయినా.”

“మర్చిపోలేదు. స్టాంపు మూల కాలింది గుర్తుండి, అమ్మ మంచంలో లేదని మర్చిపోతావా? నాలుగేండ్లు ఈ వరస కోసరమే నేను నోరెత్తకుండా కూచున్నది. నువ్వు కాల్చినావని నాకు ముందే తెలుసు. ఎందుకు కాల్చినావో తెలీదు.”

నోటితో చెప్పలేనన్నాను. పిండి లెక్కలు రాసుకునే పెన్ను నా చేతిలో పెట్టింది. “రాయి మరి. రాసేదానివే గదా” అంది. పత్రిక పక్కన ఖాళీలో రాశాను. నన్ను ఎనిమిదిలో మాన్పించి చేనుకు పంపినారు, నువ్వు టీచరయితే నేను ఓర్చుకోలేకపోయేదాన్ని. అంతే రాశాను.

చెల్లెలు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకొని, పెట్టుకొని చదివింది. మళ్ళీ చదివింది.

“ఈ ఒక్క వరసకు ఇన్నేండ్లు పట్టిందా అక్కా నీకు” అంది.